రాబిన్ సింగ్ వచ్చాడు, డ్రిల్లు మాస్టారు రాలేదు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన హాస్టల్ తమ్ముళ్లు పోయిన నెలలో ఫోన్ చేశారు. "అన్నా, కష్టపడి చదువుకుని పైకొచ్చిన సంగతి రాయండి" అన్నారు. అలాంటివి ఈ సంచికలో నాలుగైదు ఉండనే ఉంటాయి. నాకంటే పెద్ద ఉద్యోగాల్లో ఉన్న అన్నలు రాస్తారు, వాళ్లు రాస్తేనే బాగుంటుంది. నేను మాత్రం 2007లో మన హాస్టల్ వరండాలో జరిగిన ఒక వాదన గురించి రాస్తాను. భారత క్రికెట్ జట్టుకు కొత్త కోచ్ ఎవరు, ఆయన పక్కన ఫీల్డింగ్ నేర్పేవాడు ఎవరు అని మేము నెల రోజులు తిండి మీద ధ్యాస లేకుండా వాదించుకున్నాం. ఆ వాదన నడుస్తుండగానే నేనొక అబద్ధం ఆడాను. ఆ అబద్ధం వల్ల ఒకడి బతుకులో రెండు నెలలు పోయాయి. అది ఇన్నేళ్లుగా నేనెవరికీ చెప్పలేదు.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. మన హాస్టల్లో పేర్లతో పిలుచుకోవడం తక్కువని పాతవాళ్లందరికీ తెలుసు. ఊరి పేరే మనిషి పేరు. ఇంకొల్లు, పర్చూరు, అద్దంకి, మార్టూరు, మేదరమెట్ల. ఇద్దరు ఒకే ఊరివాళ్లయితే పెద్ద పర్చూరు, చిన్న పర్చూరు. ఇప్పుడు ఇంకొల్లు, పర్చూరు, మార్టూరు 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోకి వెళ్లాయిగానీ అప్పట్లో అన్నీ ప్రకాశమే. ఈ వ్యాసంలో కూడా నేను ఊరి పేర్లే వాడతాను. అసలు పేర్లు రాస్తే మనవాళ్లకే గుర్తుపట్టడం కష్టం.

ఆ ఏడాది మార్చిలో వెస్టిండీస్‌లో ప్రపంచ కప్. మ్యాచ్ మనకు సాయంత్రం 7 గంటలకు మొదలయ్యేది, అయ్యేసరికి రాత్రి రెండు మూడు. వాచ్‌మన్ తాత గేటుకు తాళం వేసినట్టే వేసి వేయకుండా వదిలేసేవాడు. రోడ్డు మీద టీ కొట్టు టీవీ దగ్గర నిలబడి చూసేవాళ్లం. మార్చి 17న బంగ్లాదేశ్ చేతిలో 5 వికెట్లతో ఓడాం. 19న బెర్ముడా మీద 413 కొట్టేసరికి మళ్లీ ఆశ పుట్టింది. 23న శ్రీలంక చేతిలో 69 పరుగుల తేడాతో ఓడాక ఆ ఆశా పోయింది. ఆ రాత్రి హాస్టల్‌కు తిరిగొస్తుంటే ఎవరూ మాట్లాడలేదు. దారి పక్కన కళ్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు అందరం దగ్గుతున్నాం, అందులో ఎవడు ఏడ్చాడో తెలియకుండా కలిసిపోయింది.

ఏప్రిల్ 4న కోచ్ గ్రెగ్ చాపెల్ తాను ఇక కొనసాగనని చెప్పేశాడు. ఆయన సహాయకుడు ఇయాన్ ఫ్రేజర్ కూడా పోయినట్టే. అక్కడినుంచి మొదలైంది మా గొడవ.

హాస్టల్‌కు ఈనాడు ఒక్క ప్రతి వచ్చేది. మొదట వార్డెన్ గారు, తర్వాత ట్యూటర్ గారు, తర్వాత వంట మాస్టారు చదివాక మాకు అందేసరికి ఆటల పేజీ మీద పసుపు మరక ఉండేది. ఆ పేజీ చేతికొచ్చిన వాడు వరండా స్తంభం కింద కూర్చుని బయటికి చదవాలి, మిగతావాళ్లం చుట్టూ చేరాలి. డేవ్ వాట్మోర్ పేరు ఎక్కువగా వినిపించేది. బంగ్లాదేశ్‌కు కోచ్ ఆయనే, 1996లో శ్రీలంక ప్రపంచ కప్ గెలిచినప్పుడూ ఆయనే. రెండోది టామ్ మూడీ. శ్రీలంక కోచ్. పెద్ద పర్చూరు వాదన ఏమిటంటే, మనల్ని ఓడించిన ఇద్దరి కోచ్‌లనూ మనమే తెచ్చేసుకుంటే ఇక ఓడించేవాడు ఎవడుంటాడు అని. విన్నవాళ్లందరికీ ఇది చాలా గొప్ప ఆలోచనగా తోచింది. బోర్డు వాళ్లకు కార్డు ముక్క రాద్దామన్నాడు ఒకడు. చిరునామా తెలియక ఆగాం.

పందెం కోడిగుడ్లు. ఆదివారం ఉడకబెట్టిన గుడ్డు మనకెంత విలువో ఈ సంచిక చదివేవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. నేను వాట్మోర్ మీద రెండు గుడ్లు కాశాను. అద్దంకి వాడు మాత్రం గ్రాహం ఫోర్డ్ అనే పేరు మీద కాశాడు. ఎందుకురా అంటే, ఫోర్డ్ అంటే కారు పేరు, కారు పేరున్నోడు గట్టిగా ఉంటాడు అన్నాడు.

ఇంకొల్లు వాడు మాత్రం పెద్ద కోచ్ సంగతి పట్టించుకోలేదు. వాడికి కావలసింది వేరు. "పెద్దోడు ఎవడొస్తే ఏందిరా? ఆయన సచిన్‌తో, ద్రావిడ్‌తో మాట్లాడుకుంటాడు. ఫీల్డింగోళ్లకు ఎవరొస్తారంట?" అని అడిగేవాడు.

ఆ ప్రశ్న ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. సాయంత్రం బడి మైదానంలో ఊళ్లో పిల్లలు ఆడేవాళ్లు. బ్యాటు వాళ్లది, బంతి వాళ్లది. మనవాళ్లు వెళితే వద్దనేవాళ్లు కాదు, ఆ మాట అనకూడదు. "రండ్రా, అటు నిలబడండి" అనేవాళ్లు. అటు అంటే తుమ్మచెట్ల దగ్గర, పత్తి చేను గట్టు మీద. బంతి చేలో పడితే తెచ్చివ్వాలి. బ్యాటింగ్ వంతు వచ్చేసరికి పొద్దు గూకేది. రెండేళ్లలో నేను ఆ మైదానంలో బ్యాటు పట్టుకున్నది బహుశా నాలుగైదు సార్లు. బంతి పట్టుకున్నది లెక్కలేదు. అలా మా హాస్టల్ మొత్తం ఫీల్డర్ల హాస్టల్ అయింది. అందరిలోకీ ఇంకొల్లు వాడి చెయ్యి చెయ్యి. గట్టు మీదనుంచి, అంటే అరవై డెబ్బై గజాల దూరంనుంచి విసిరితే ఒక్క వికెట్టు కనబడుతున్నా కొట్టేవాడు. ఊళ్లో పిల్లలు రెండో పరుగు తీయడం మానేశారు. అంతేగానీ వాడికి బ్యాటు మాత్రం ఇవ్వలేదు.

అందుకే ఫీల్డింగ్‌కు వేరే కోచ్ ఉంటాడన్న మాట పేపర్లో చదివినప్పుడు వాడు రెండుసార్లు చదివించుకున్నాడు. గట్టు మీద నిలబడేవాడి కోసం కూడా ఒక మనిషి ఉంటాడట, ఆయనకు జీతం కూడా ఇస్తారట. ఆయన పనేమిటో మేమే ఊహించుకుని కొంత, చదివి కొంత తెలుసుకున్నాం. బ్యాటుతో ఆకాశంలోకి బంతులు లేపి క్యాచ్‌లు పట్టిస్తాడు. ఒక్క వికెట్టు పాతి పక్కనుంచి కొట్టిస్తాడు. అతి దగ్గరనుంచి బంతిని తగిలించి స్లిప్ క్యాచ్‌లు పట్టిస్తాడు. ఇంకొల్లు వాడు మన బట్టలుతికే బండను కోచ్ చేశాడు. బండ గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది కదా, దానికేసి బంతి కొడితే ఎటు తిరిగొస్తుందో ఎవరికీ తెలియదు. దాని ముందు మోకాళ్లు వంచి నిలబడి క్యాచ్‌లు పట్టేవాడు. తర్వాత రోజుల్లో పెద్ద జట్లు సరిగ్గా ఇలాంటి పనికే ఎగుడుదిగుడు పలకలు నేల మీద పెట్టి సాధన చేయడం టీవీలో చూసి నేను ఒంటరిగా నవ్వుకున్నాను. మాది కంపెనీ సరుకు కాదు, అంతే తేడా.

ఏప్రిల్ 7 సాయంత్రం. మేదరమెట్ల వాడు టీ కొట్టు దగ్గరనుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ప్రసాద్ కోచ్ అంట! ప్రసాద్!" అని అరిచాడు. మాకు ప్రసాద్ అంటే ఇంకెవరు, మన గుంటూరు ఎమ్మెస్కే ప్రసాద్. మేడికొండూరులో పుట్టి, 1999లో భారత జట్టుకు టెస్టుల్లో వికెట్ కీపింగ్ చేసిన మనిషి. వరండా మొత్తం ఎగిరింది. మన గుంటూరాయన ఇక మన హాస్టల్ పక్కనుంచే వెళ్తాడన్నట్టు మాట్లాడుకున్నాం. వంట మాస్టారు ఒక్కడే సందేహం వెలిబుచ్చాడు. "బౌలింగ్ కోచ్ అన్నారంటున్నావు, కీపరుకు బౌలింగ్ కోచ్ ఇవ్వడమేందిరా?" దానికి పెద్ద పర్చూరు ఏమాత్రం తడుముకోకుండా, "అందరికంటే బౌలింగు తిన్నగా కనపడేది కీపరుకే గదండీ" అన్నాడు. వంట మాస్టారు కూడా ఒప్పుకున్నాడు. తెల్లారి పేపరు వచ్చాక చూస్తే కర్ణాటక వెంకటేష్ ప్రసాద్. బంగ్లాదేశ్ పర్యటనకు రవిశాస్త్రి మేనేజరు, వెంకటేష్ ప్రసాద్ బౌలింగ్‌కు, రాబిన్ సింగ్ ఫీల్డింగ్‌కు. మేదరమెట్ల వాడు రెండు రోజులు ఎవరి కంటా పడలేదు.

రాబిన్ సింగ్ పేరు చదవగానే ఇంకొల్లు వాడు లేచి నిలబడ్డాడు. రాబిన్ సింగ్ సంగతి మీలో చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు. ట్రినిడాడ్‌లో పుట్టి, మద్రాసు వచ్చి స్థిరపడినవాడు. 1989లో రెండు వన్డేలు ఆడించి పక్కన పెట్టేశారు. మళ్లీ పిలుపు 1996లో. మధ్యలో ఏడేళ్లు. ఆ తర్వాత కలిపి మొత్తం 136 వన్డేలు ఆడాడు, టెస్టు మాత్రం ఒక్కటే దక్కింది. పాయింట్‌లో నిలబడి అటూ ఇటూ దూకేవాడు. బట్టలకు మట్టి అంటిన భారత ఆటగాడు అప్పట్లో మాకు ఆయనొక్కడే గుర్తు. ట్యూటర్ గారు ఇవన్నీ చెబితే ఇంకొల్లు వాడు ఏడేళ్లు అన్న దగ్గరే ఆగిపోయాడు. "ఏడేళ్లు ఏం చేశాడు సార్, ఇంటికాడ?" అని అడిగాడు. రంజీలు ఆడుతూ ఉన్నాడురా అని సార్ చెప్పారు.

ఆ రోజుల్లోనే వాదన మెల్లగా పక్కకు తిరిగింది. భారత జట్టుకు ముగ్గురు దొరికారు సరే, మన సంగతేమిటి? మేము చదివే బడిలో డ్రిల్లు మాస్టారు ఖాళీ. ఉన్నాయన బదిలీ అయి అప్పటికి ఏడాది దాటింది. డ్రిల్లు పీరియడ్‌లో సోషల్ మాస్టారు వచ్చి మిగిలిపోయిన పాఠం చెప్పేవారు. జోనల్ పోటీలకు పేర్లు పంపాలన్నా, పిల్లల్ని తీసుకువెళ్లాలన్నా డ్రిల్లు మాస్టారు ఉండాలి. ఆ ముందటి సంవత్సరం ఇంకొల్లు వాడిని జావెలిన్‌కు పంపమని అందరం కలిసి హెడ్మాస్టరు గారిని అడిగాం. "ఎవరు తీసుకెళ్తారు? దారిలో ఏమన్నా అయితే బాధ్యత ఎవరిది?" అన్నారు. ఆయన అన్నదీ అబద్ధం కాదు. కానీ మా పేర్లు వెళ్లలేదు. వాడు వెదురు బొంగుకు మేకు బిగించి చేసుకున్న జావెలిన్ వంటగదిలో కట్టెలు ఎగదోసే కర్ర అయింది.

కాబట్టి వచ్చే జూన్‌లో కొత్త డ్రిల్లు మాస్టారుగా ఎవరొస్తారు అన్నది వాట్మోరా మూడీనా అన్నంత పెద్ద ప్రశ్న. దీనికి పేపర్లో వార్త రాదు కాబట్టి వార్తలు మేమే పుట్టించుకున్నాం. చీరాలనుంచి ఒకాయన వస్తున్నాడు, వాలీబాల్ ఆడతాడు. కాదు, నరసరావుపేటనుంచి ఒక మేడమ్ గారు, ఖోఖో. కాదు కాదు, డీఎస్సీలో కొత్తగా ఎంపికైన కుర్రాడు. ఒక్కొక్కరు ఒక్కొక్కరిని తెచ్చేవాళ్లు. పొద్దున పుట్టిన మాస్టారు సాయంత్రానికి మాయం. నేనూ ఒకాయన్ను తెచ్చాను. ఒంగోలు మనిషి, నాగార్జున యూనివర్సిటీకి కబడ్డీ ఆడాడు, ఎవడి చేతిలో పని ఉందో చూసి వాడిని స్పోర్ట్స్ స్కూల్లో వేయించేదాకా నిద్రపోడు. ఇదంతా నా సొంత సృష్టి. ఒంగోలు నేను అప్పటికి చూడను కూడా చూడలేదు.

అప్పట్లో మన ట్యూటర్ గారు ఒక రాత్రి హైదరాబాద్ రహీమ్ గారి గురించి చెప్పారు. సయ్యద్ అబ్దుల్ రహీమ్. బడి పంతులుగా పనిచేసిన మనిషి భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ అయ్యాడు. 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నీ ఆయన చేతి మీద వచ్చినవే. చివరి పతకం తెచ్చేనాటికే ఒంట్లో కేన్సర్, 1963లో పోయారు. "కోచ్ అనేవాడు ఆకాశంనుంచి ఊడిపడడురా, ఏదో ఒక బడిలో మాస్టారే" అన్నారు ట్యూటర్ గారు. ఆయన మంచికే చెప్పారు. నాకు మాత్రం నా ఒంగోలు మాస్టారు నిజంగానే ఎక్కడో ఉన్నాడన్న నమ్మకం ఇంకా పెరిగింది.

వేసవి సెలవులకు ముందురోజు ఇంకొల్లు వాడి నాన్న వచ్చాడు. మామూలుగా అయితే సంచీ సర్దుకుని బస్సెక్కడమే, ట్రంకు పెట్టె ఇక్కడే ఉంటుంది. ఆయన పెట్టెతో సహా తీసుకుపోతానన్నాడు. ఆ ఏడాది కౌలుకు వేసిన పత్తి పురుగు మందుల అప్పు తీర్చలేదు. మిరప కోతల డబ్బు తిండికే సరిపోయింది. జిన్నింగు మిల్లులో మేస్త్రీతో మాట్లాడాడు, కుర్రాడిని పంపితే తీసుకుంటామన్నారు. "తొమ్మిది దాకా చదివాడు, చాల్లే అబ్బాయ్" అన్నాడు నాతో. వాడు పెట్టె మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

నేను ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. "బాబాయ్, జూన్‌లో కొత్త డ్రిల్లు మాస్టారు వస్తున్నాడు. ఒంగోలు ఆయన. ఆర్డరు కూడా అయిందంట. మనవాడి చెయ్యి చూస్తే స్పోర్ట్స్ స్కూల్లో వేస్తాడు. అక్కడ తిండి, బట్టలు, చదువు అన్నీ వాళ్లే. పైసా అక్కర్లేదు" అన్నాను. ఆర్డరు అయిందన్న ముక్క అప్పటికప్పుడు కలిపాను. ఆయన నా మొహం వంక చాలాసేపు చూశాడు. నేను క్లాసులో ఫస్టు వచ్చేవాడినని ఆయనకు తెలుసు. ఫస్టు వచ్చే పిల్లాడు అబద్ధం ఆడడని అనుకున్నాడేమో. పెట్టె ఇక్కడే వదిలేసి వాడిని తీసుకుని వెళ్లాడు.

జూన్‌లో బడులు తెరిచే నాటికి కోచ్ వ్యవహారం తమాషాగా మారింది. 9వ తేదీన బోర్డు గ్రాహం ఫోర్డ్‌ను ఎంపిక చేసింది, 11న ఆయన రానన్నాడు. మేము హాస్టల్లో దిగగానే మొదటి తగువు గుడ్ల గురించి. బోర్డు ఫోర్డ్‌నే ఎంచుకుంది కాబట్టి తాను గెలిచినట్టే అని అద్దంకి వాడు. రాని కోచ్‌కు గుడ్లేమిటని మిగతావాళ్లు. వంట మాస్టారు తీర్పు చెప్పాడు: సగం గుడ్లు ఇవ్వాలి. తర్వాత ఇంగ్లండ్ వెళ్లడానికి 72 ఏళ్ల చందూ బోర్డేను మేనేజరుగా పెట్టారు. ఆ పేరు మీద ఎవడూ పావు గుడ్డు కూడా కాయలేదు.

ఇంకొల్లు వాడు జూన్‌లో వచ్చాడు. రాగానే అడిగిన మాట, "వచ్చాడా?" అని. చేరే టైము ఉంటుంది కదా అన్నాను. జూలైలో, "కౌన్సెలింగ్ అవుతోందంట" అన్నాను. వాడు రోజూ పొద్దున్నే లేచి బండ దగ్గర క్యాచ్‌లు పట్టేవాడు, కొత్తాయన వచ్చేసరికి చెయ్యి మొద్దుబారకూడదని. బడిలో ఎవరన్నా ప్యాంటు చొక్కా టక్ చేసుకున్న కొత్త మనిషి ఆఫీసు రూంలోకి వెళితే కిటికీ దగ్గరకు పోయి నిలబడేవాడు. ఒకసారి అలా వచ్చినాయన ఎల్ఐసీ ఏజెంటు. ఇంకోసారి పుస్తకాల కంపెనీ మనిషి. నేను పక్కనే ఉండి ఇద్దర్నీ చూశాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది.

ఆగస్టులో వాళ్ల నాన్న మళ్లీ వచ్చాడు. ఈసారి నన్నేమీ అడగలేదు. నేను స్టడీ రూంలో కూర్చుని లెక్కలు చేస్తున్నట్టు నటించాను. వాడు పెట్టె భుజాన పెట్టుకుని గేటు దాటడం కిటికీలోంచి కనబడింది. డ్రిల్లు మాస్టారు నేను పదో తరగతి పాసై వెళ్లేదాకా రాలేదు.

సెప్టెంబరు 24న దక్షిణాఫ్రికాలో ట్వంటీ20 ఫైనల్. పాకిస్తాన్ మీద మనం 5 పరుగులతో గెలిచాం. అందరూ మిస్బా కొట్టిన చివరి బంతి గురించి, శ్రీశాంత్ క్యాచ్ గురించి మాట్లాడుకుంటారు. నాకు మాత్రం ఇమ్రాన్ నజీర్ రనౌట్ గుర్తుంది. 14 బంతుల్లో 33 కొట్టి మ్యాచ్ లాక్కుపోతున్నాడు. ఉతప్ప బంతి అందుకుని నేరుగా వికెట్లను కొట్టాడు. ఆ టోర్నీకి కూడా రాబిన్ సింగే ఫీల్డింగ్ కోచ్. టీ కొట్టు దగ్గర అందరూ ఎగురుతుంటే మన హాస్టల్ వాళ్లం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "ఇంకొల్లోడు కొట్టినట్టే కొట్టాడ్రా" అన్నాడు చిన్న పర్చూరు. నేను అక్కడినుంచి వచ్చేసి పడుకున్నాను.

తర్వాత చాలా ఏళ్లు వాడు కనబడలేదు. ఇంటర్, డిగ్రీ, పోటీ పరీక్షలు, గుంటూరులో చిన్న గుమాస్తా ఉద్యోగం. 2016 మార్చిలో ఒక పని మీద మిర్చి యార్డుకు వెళ్లాను. సీజను కావడంతో లారీలు రోడ్డు దాకా బారులు తీరి ఉన్నాయి. టిక్కీలు దించుతున్న లారీ మీదనుంచి ఎవరో నా ఊరి పేరు పెట్టి పిలిచారు. నన్ను ఆ పేరుతో పిలిచి పదేళ్లు కావస్తోంది. లారీ వాడిదే, ఫైనాన్స్ మీద తీసుకున్నాడు. మిల్లులో నాలుగేళ్లు చేసి, క్లీనరుగా ఎక్కి, డ్రైవరై, ఓనరయ్యాడు. ఇద్దరం తుమ్ములాపుకుంటూ టీ తాగాం. పావుగంట ఆటల గురించే మాట్లాడాడు. భారత జట్టుకు అప్పుడు ఫీల్డింగ్ కోచ్ ఆర్. శ్రీధర్. హైదరాబాద్‌కు రంజీలు ఆడిన స్పిన్నరు, 2014లో వచ్చాడు. "మనోడేరా" అన్నాడు గర్వంగా. డ్రిల్లు మాస్టారి ఊసు వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అప్పటినుంచి ఫోన్లు. లారీ ఏ గోదాము ముందో వరుసలో ఆగినప్పుడు చేస్తాడు. భార్యాపిల్లల కబురు రెండు ముక్కల్లో అయిపోతుంది, మిగతాదంతా కోచ్‌లు. 2019లో జాంటీ రోడ్స్ ఫీల్డింగ్ కోచ్ పదవికి దరఖాస్తు పెట్టినప్పుడు మా ఇద్దరికీ నెల రోజులు ఇదే పని. రోడ్స్ అంటే మాటలా! 1992 ప్రపంచ కప్‌లో గాల్లోకి దూకి వికెట్లను పడగొట్టి ఇంజమామ్‌ను రనౌట్ చేసిన మనిషి. రోడ్స్‌ను కాదని శ్రీధర్‌ను ఉంచుతారా? ఉంచరని నేను. ఉంచుతారని వాడు. ఆగస్టులో సహాయక కోచ్‌లను ఎంపిక చేసింది సెలక్షన్ కమిటీ. దానికి ఛైర్మన్ ఎవరనుకున్నారు? 2007లో మేము వరండాలో కోచ్‌ని చేసేసిన మన ఎమ్మెస్కే ప్రసాద్! ఆ కమిటీ ఫీల్డింగ్‌కు మూడు పేర్లు వరుసగా ఇచ్చింది. శ్రీధర్, అభయ్ శర్మ, టి. దిలీప్. రోడ్స్ పేరు మూడింటిలోనూ లేదు. "చూశావా, మేదరమెట్లోడు పన్నెండేళ్లు ముందు చెప్పాడు అంతే" అని ఇంకొల్లు వాడు ఫోన్లో పడీపడీ నవ్వాడు.

ఆ మూడో పేరు దిలీప్ ఎవరో మాకప్పుడు తెలియదు. 2021 నవంబరులో శ్రీధర్ తర్వాత ఆయనే వచ్చాడు. ఆయనా హైదరాబాదే. ఒక్క రంజీ మ్యాచ్ కూడా ఆడలేదు. పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెప్పుకుంటూ కోచింగ్‌లోకి వచ్చాడట. 2023 ప్రపంచ కప్‌లో మ్యాచ్ అయ్యాక డ్రెస్సింగ్ రూంలో మంచి ఫీల్డరుకు పతకం వేసే పద్ధతి పెట్టింది ఆయనే. మెడలో పతకం వేస్తుంటే కోహ్లీ అంతటివాడు చిన్నపిల్లాడిలా గంతులేయడం చూశాం. ఆ వీడియో ఇంకొల్లు వాడు నాకు ఎన్నిసార్లు పంపాడో లెక్కలేదు. మనుషులు పెద్ద కోచ్‌ను వదిలేసి ఈ పక్క కోచ్‌ల గురించి ఎందుకింత వాదించుకుంటారని మా ఆఫీసులో ఒకాయన నన్ను అడిగాడు. నాకు తెలిసింది చెప్పాను. పెద్ద కోచ్‌ను చూసేవాళ్లు కోట్లమంది ఉంటారు సార్, గట్టు మీద నిలబడ్డవాడిని చూసే మనిషి ఈయనొక్కడే అన్నాను. ఆయనకు అర్థం కాలేదు, ఆయన హాస్టల్లో చదవలేదు.

2024 జూలై 9న గౌతమ్ గంభీర్ హెడ్ కోచ్ అయ్యాడు. మళ్లీ మొదలు. ఆయన తనవాళ్లను తెచ్చుకుంటాడు, రోడ్స్ వస్తున్నాడు, దిలీప్ ఇక ఇంటికే అని వార్తలు. అభిషేక్ నాయర్, ర్యాన్ టెన్ డష్కాటే సహాయక కోచ్‌లుగా వచ్చారు, మోర్నీ మోర్కెల్ బౌలింగ్‌కు తర్వాత వచ్చాడు. దిలీప్ మాత్రం ఉన్నాడు. ఆ సంగతి ఖాయమైన రాత్రి ఇంకొల్లు వాడు చిలకలూరిపేట దగ్గర లారీ ఆపుకుని ఫోన్ చేశాడు. నేను ఓడాను కాబట్టి నాలుగు గుడ్లు బాకీ అన్నాడు. నవ్వుతూనే ఉన్నాం. ఆ నవ్వులో నాకు ధైర్యం వచ్చింది.

"రే, ఆ ఒంగోలు డ్రిల్లు మాస్టారు సంగతి నీకు చెప్పాలి" అన్నాను.

"ఏం చెబుతావులే" అన్నాడు. "అబద్ధమని నాకు ఆ రోజే తెలుసు."

నాకు నోట మాట రాలేదు.

"వరండాలో ఆయన్ను నువ్వు పుట్టిస్తున్నప్పుడు నేను పక్కనే గదరా పడుకుంది. మొదట యూనివర్సిటీకి వాలీబాల్ ఆడాడన్నావు, నాలుగు రోజులకు కబడ్డీ చేశావు."

"మరి జూన్‌లో ఎందుకు వచ్చావు? కిటికీ దగ్గరకు ఎందుకు పోయేవాడివి?"

కొంచెంసేపు లారీల శబ్దం తప్ప ఏమీ వినబడలేదు. "ఏమో. ఎవడో ఒకడు రావాలి గదా" అన్నాడు. "ఆయనే రావాలని ఏముంది? చీరాలాయన రావచ్చు, నరసరావుపేట మేడమ్ రావచ్చు. రెండు నెలలు చూద్దామనుకున్నా. మిల్లు ఎక్కడికి పోద్ది?"

తర్వాత ఇంకేదో లోడు సంగతి మాట్లాడి పెట్టేశాడు.

2025 ఏప్రిల్‌లో దిలీప్‌ను తీసేశారని వార్త వచ్చినప్పుడు వాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదని వాళ్లావిడ చెప్పింది. మే నెలలో ఇంగ్లండ్ పర్యటన ముందు మళ్లీ ఆయన్నే పెట్టారు. ఆ రాత్రి ఒంటిగంటకు ఫోన్. మా ఇంట్లో వాళ్లందరూ లేచారు. తిట్టించుకున్నాను.

ఈ సంచికకు రాస్తున్నానని వాడికి చెప్పాను, నీ సంగతి రాయొచ్చా అని అడిగాను. ఊరి పేరుతోనే రాయి, పేరు పెట్టబాక అన్నాడు. వార్షికోత్సవానికి వస్తావా అంటే, లోడు లేకపోతే వస్తానన్నాడు. మన బడిలో ఇప్పుడు ఎంతమంది పిల్లలున్నారు, మైదానం అంతే ఉందా, బట్టలుతికే బండ ఉందా తీసేశారా అని ఒక్కొక్కటే అడిగాడు. బండ ఉందని ఫోన్ చేసిన తమ్ముడే చెప్పాడు, అదే చెప్పాను.

"అయితే సరే" అన్నాడు. "ఇప్పుడు డ్రిల్లు మాస్టారుగా ఎవరున్నారంట?"